చివరి పట్టీ

"ఇంజిను కావచ్చు, పక్షులు కావచ్చు, పొగమంచూ కావచ్చు," అంటూ విచారణాధికారి వేళ్లు మడిచాడు. "లోపల సామానైనా కదిలి ఉండొచ్చు. అదే జరిగితే, దిగడానికి విమానం ముక్కు వంచిన క్షణం నుంచీ ఇక పైలట్ చేతిలో ఏమీ ఉండదు. మీకేమనిపిస్తోంది మేస్త్రిగారూ?"

మేస్త్రి సైనిక రవాణా విమానాల్లో సామాను కట్టించీ కట్టించీ తల నెరిసిన మనిషి. పొద్దున మైదానం నుంచి రెండు విమానాలు లేచాయి. ఒకటి కొండల్లో కూలిందనీ, ఎవరూ మిగల్లేదనీ కబురు రాగానే, అది తనదేనని అతనికి ఒకరు చెప్పనక్కర్లేకపోయింది.

"మా కట్లకేం ఢోకా లేదు సార్. రాయిలా ఉంటాయి."

"సరే, బయట కూర్చోండి. డ్యూటీలో ఉన్న అందరినీ అడుగుతున్నాం. ఏమైనా గుర్తొస్తే చెప్పండి."

వరండాలో బల్లమీద కూలబడ్డాడు. గుర్తు రావడానికేముంది, మరిచిపోతేగా!

వాళ్ల పనిలో ఒక పద్ధతుంది. సామాను కదలకుండా పట్టీ బిగించినవాడు "బిగిసింది" అని అరవాలి. రెండోవాడు ఒంటి బరువంతా వేసి దాన్ని లాగి చూసి "నిలిచింది" అని బదులివ్వాలి. పొద్దున బిగించింది బావమరిది. సామానుతోపాటు వెళ్లాల్సిందీ వాడే. చివరి పట్టీ దగ్గర "బావా, కొత్త ఫోను కొన్నా, అక్కతో అనకు, వీపు చీరేస్తుంది" అన్నాడు. మేస్త్రి పగలబడి నవ్వాడు. ఆ నవ్వులోనే, అలవాటు కొద్దీ, చెయ్యి వెయ్యకుండానే "నిలిచింది" అనేశాడు.

విమానం తలుపు మూసుకుంటుంటే, లోపల ఎక్కించిన జనరేటరు పక్కన ఆ పట్టీ కొస ఊగడం కనిపించింది. చెయ్యెత్తితే విమానం ఆగిపోయేది. కానీ ఇన్నేళ్లలో ఒక్క విమానాన్నీ వెనక్కి రప్పించని మేస్త్రి, కుర్రకారు ముందు ఇప్పుడు తల దించుకోవాలా? ఎత్తబోయిన చేత్తో మెడ గోక్కున్నాడు.

ఆ సంగతి తెలిసినవాళ్లు ఇప్పుడెవరూ లేరు. నోరు మూసుకుంటే చాలు. ఆ ఆలోచన వచ్చినందుకే అతనికి తనమీద అసహ్యం వేసింది, దాంతోపాటే జైలు తలుపు కళ్లముందు కదిలింది. గడియారం వంక చూస్తూ అలాగే కూర్చున్నాడు. ఒక గంట గడిచింది. ఇంకో గంటా గడిచింది.

ఫోను మోగింది. భార్య.

"ఏమండీ, ఏదో విమానం పడిపోయిందట కదా! తమ్ముడు ఫోనెత్తడం లేదు. వాడికేం కాలేదుగా?"

"కనుక్కుంటున్నా."

"మీ గొంతేంటి అలా ఉంది? నన్ను హడలగొట్టకండి. అయినా వాడెక్కిన దానికి కట్లు కట్టించింది మీరే కదా. ఇక నాకు భయమేంటి?"

మేస్త్రి ఫోను పెట్టేశాడు. ఏం చేస్తే అది చేసుకోనీ, ఉరే తియ్యనీ, ఈ భారం మొయ్యడం తన వల్ల కాదు. తలుపు తోసుకుని లోపలికి వెళ్లాడు.

"సార్, ఇంజినూ కాదు, పక్షులూ కాదు. నేనే. జనరేటరు చివరి పట్టీ నేను లాగి చూడలేదు. వదులుగా ఉందని కళ్లారా చూసి కూడా ఆపలేదు. మా బావమరిదిని నేనే చంపుకున్నాను సార్!"

"జనరేటరా?" అధికారి చేతిలో కలం ఆగిపోయింది. "మీరు కట్టించింది జనరేటరున్న విమానమా?"

"అవును సార్."

అధికారి ముఖంలో నెత్తురు చుక్క లేదు. కుర్చీ వెనక్కి పడిపోయేలా లేచి, బల్లమీది ఫోను అందుకున్నాడు.

"అది కూలలేదు! ఇప్పుడే దిగడానికి ముక్కు వంచుతోంది!"