బెంచీ మీద ఒక్కడు

"బాషా తమ్ముడూ, మావాడి పక్కన ఒక్కడంటే ఒక్కడు కూర్చోడేంటి?"

సత్యకుమారి ఇనప కంచెకి మొహం ఆనించి అడిగింది. కాలేజీ బస్సు డ్రైవరు హయాత్ బాషా వినిపించుకోనట్టు మైదానం వంకే చూస్తూ నిలబడ్డాడు.

కంచెకి అవతల పొడవాటి బెంచీ. ఈ చివర ఆమె కొడుకు వెంకీ ఒక్కడే, తల మీద తువ్వాలు కప్పుకుని, నేల చూపులు చూస్తూ కూర్చున్నాడు. మిగతా పిల్లలంతా ఆ చివర ఒకరి మీద ఒకరు పడుతూ ఇరుక్కుని కూర్చున్నారు. మధ్యలో నలుగురు పట్టేంత ఖాళీ. ఇంతలో వాళ్ళలో ఒకడు నీళ్ళ సీసా కోసం ఇటు వచ్చాడు. వెంకీ మొహమైనా చూడకుండా సీసా తీసుకుని గబగబా వెనక్కి పోయాడు.

అది బేస్‌బాల్ ఫైనల్. నిరుడు ఒక్క మ్యాచీ నెగ్గని ఆ కాలేజీ జట్టు ఈ ఏడాది ఆడిన పదకొండూ నెగ్గింది. అబుదాబీ అంతా కాదు గానీ, మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో మనవాళ్ళుండే బిల్డింగుల్లో మాత్రం ఎక్కడ విన్నా అదే ముచ్చట. ఆ పదకొండింట్లోనూ బంతి విసిరింది వెంకీయే. అలాంటివాణ్ణి పట్టుకుని ఈ దూరం పెట్టడమేమిటో! ఆ పూటకి రెండిళ్ళ వంట మానుకుని, మొదటిసారి కొడుకు ఆట చూద్దామని వచ్చిన తల్లికి ఇదా కనబడాల్సింది?

"ఏమైంది తమ్ముడూ? కొట్టుకున్నారా?"

"ఏం లేదక్కా. నువ్వు కూర్చో."

"ఆయ్, కూర్చుంటాలే గానీ, నిన్నటిదాకా భుజాల మీద చేతులేసుకుని తిరిగినోళ్ళేగా వీళ్ళు?"

"ఇప్పుడు అడగొద్దక్కా. ఆట అయిపోయినాంక చెప్తా."

అడగొద్దన్నాడంటే ఏదో ఉన్నట్టే. ఆ ఏదో ఏమిటో కూడా ఆమెకు తెలుసు.

ముందురోజు కెప్టెన్ తారిఖ్ వాళ్ళింట్లో జట్టుకి విందు జరిగింది. ఆ ఇంట్లో వంట సత్యకుమారిదే. బిర్యానీ పళ్ళెం పట్టుకుని ఆమె హాల్లోకి వచ్చేసరికి వెంకీ లేచి నిలబడి, అందరి ముందూ "మా అమ్మ" అన్నాడు. నాలుగిళ్ళలో వండేదాని కొడుకువని తెలిస్తే చులకనైపోతావురా, చెప్పకురా అని చిలక్కి చెప్పినట్టు చెప్పిందామె. వింటేనా!

"మావాణ్ణి వెలేశారు తమ్ముడూ" అంది. "నాకు తెలీదా వెలంటే? మా నాన్ననీ ఊళ్ళో ఇలాగే చేశారు. టీ కొట్టు బల్ల మీద ఆయన కూర్చుంటే మిగతావాళ్ళు లేచిపోయేవారు. ఒక్క మాట కూడా అనేవారు కాదు. తిట్టినా బాగుండును."

"అయ్యో, అది కాదక్కా..."

"మరేంటో చెప్పు!"

బాషా వెంకీ వైపు చూసి, చెయ్యి అడ్డంగా ఊపాడు.

ఇక ఆమె ఆగలేదు. గేటు తోసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

"తారిఖ్ బాబూ! మేరా బేటా క్యా గల్తీ కియా?" మావాడు చేసిన తప్పేంటని వచ్చీరాని హిందీలో నిలదీసింది.

తారిఖ్ ఉలిక్కిపడి లేచాడు. పెదవుల మీద వేలు పెట్టి, రెండు చేతులూ జోడించి, బయటికి వెళ్ళమని సైగ చేశాడు. మిగతా పిల్లలు తలలు దించుకున్నారు.

"బాగుంది వరస! నా చేతి కూడు తినడానికి లేని నామోషీ నా కొడుకు పక్కన కూర్చోడానికి వచ్చిందా?" తారిఖ్‌కి తెలుగు రాదని కూడా ఆమెకు గుర్తులేదు. "మీ ఆటా వద్దు, మీ కప్పూ వద్దు. రేపే వాణ్ణి రువైస్‌లో వాళ్ళ నాన్న దగ్గరికి పంపించేస్తా!"

వెంకీ వైపు రెండడుగులు వేసిందో లేదో, బాషా పరుగున వచ్చి అడ్డం నిలబడ్డాడు.

"అక్కా, నీ కాళ్ళు పట్టుకుంటా, గట్టిగా మాట్లాడొద్దు" అన్నాడు గుసగుసగా. "వెలీ లేదు, గిలీ లేదు. ఆట మొదులైనప్పట్నుంచి మనోడి బంతిని అవతలోళ్ళు ఒక్కడంటే ఒక్కడు కొట్టలేకపోయినాడు. మనోళ్ళ బ్యాటింగ్ అయినాంక వాళ్ళలో ఇంగ ముగ్గురు ఔటయితే ఖలాస్, వాని పేరు నిలబడిపోతాది. ఏండ్ల తరబడి ఆడినోళ్ళకి కూడా దక్కదంట ఇది. ఇట్లాంటప్పుడు ఆ పిల్లోణ్ణి ఎవురూ పలకరియ్యకూడదు, పక్కన కూర్చోకూడదు. ఆ మాట పైకి కూడా అనకూడదు. దిష్టి తగుల్తాదని ఈ ఆటోళ్ళ నమ్మకం. నాతో చెప్పించేస్తివి గదక్కా!"

సత్యకుమారి ఒక అడుగు వెనక్కి వేసింది. దిష్టి అంటే ఏమిటో ఆమెకు ఒకరు విడమర్చి చెప్పక్కర్లేదు. ఆ చివర కూర్చున్న పిల్లల వంక మళ్ళీ చూసింది. ఒకడు గోళ్ళు కొరుక్కుంటున్నాడు. ఒకడు కళ్ళు మూసుకుని ఏదో గొణుక్కుంటున్నాడు. తారిఖ్ జోడించిన చేతులు ఇంకా దించలేదు. ఈ పిల్లల్నా తను అన్నేసి మాటలంది! సిగ్గేసింది, దాంతోపాటే ఏడుపూ వచ్చింది.

తల్లి గొంతు చెవిన పడిందేమో, అప్పుడే వెంకీ తువ్వాలు లాగేసి తలెత్తాడు. మధ్యాహ్నం నుంచీ ఎవరూ పలకరించని ఆ మొహం తల్లిని చూడగానే విప్పారింది.

"అమ్మా! వచ్చావా? దా, ఇలా కూర్చో" అన్నాడు, పక్కన చోటు చూపిస్తూ.

సత్యకుమారి వాడెవడో ఎరగనట్టు మొహం తిప్పేసుకుని, చరచరా నడిచి వెళ్ళి తారిఖ్ పక్కన ఇరుక్కుని కూర్చుంది.