తుడవని మసి

"తుడవకండి," అంది కోడలు.

మెకానిక్ చేతిలో గుడ్డ ఆగిపోయింది. రెండో చేతిలో ఉన్నది ఇంజన్‌కి గాలి అందించే పాత థ్రాటిల్ బాడీ. లోపలంతా మసి పట్టి, అడుగంటిన గిన్నెలా ఉంది. నిన్ననే దాన్ని పీకేసి తళతళలాడే కొత్తది బిగించాడు. సిగ్నళ్ల దగ్గర కారు ఆగిపోయే రోగం దాంతో కుదిరింది. ఇప్పుడు కొత్తది విప్పించి పాతదే పెట్టమంటోంది.

"మళ్లీ నడిరోడ్డు మీద మొరాయిస్తుంది."

"మొరాయించనివ్వండి. ఆ మసి ఉంటేనే ఆ చప్పుడు. అత్తయ్య నిన్న రాత్రి నుంచి ముద్ద ముట్టలేదు."

అత్తగారికి జ్ఞాపకం కరిగిపోతోంది. కోడలిని వంటమనిషి అనుకుని ప్రతి పనికీ వంక పెడుతోంది. ఆ ఒక్క విషయంలో పెళ్లయిన నాటి నుంచీ పెద్ద తేడా ఏమీ లేదంటుంది కోడలు. ఆవిడకి మిగిలిందల్లా కొడుకు కారు చప్పుడు. సాయంత్రం అది వినబడితేనే కంచం ముందు కూర్చునేది. నిన్న కారు పిల్లిలా వచ్చి ఆగింది. కొడుకింకా రాలేదని ఆవిడ గుమ్మంలోనే కూర్చుండిపోయింది. ఖాళీ కడుపున మాత్రలు వేయకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు.

మెకానిక్ గుడ్డ పక్కన పడేశాడు. పాతదాన్ని దాని చోట ఆనించి, బోల్టులు ఎదురెదురుగా బిగించాడు. వైరు తగిలించి గాలి గొట్టం తొడిగాడు. బాగున్నదాన్ని తీసి చెడ్డదాన్ని పెట్టడం అతని పనిలో ఇదే మొదలు.

గుమ్మంలోంచి ముసలావిడ అంతా చూస్తూనే ఉంది.

"శ్రద్ధగా చేస్తున్నావు నాయనా. మీ అమ్మ ఉందా?"

"ఉందమ్మా."

"రోజూ కనిపిస్తుంటావా?"

"కనిపిస్తూనే ఉంటాను."

"అదృష్టవంతురాలు. మావాడికి ఎంతసేపూ పనే. నిన్న అసలింటికే రాలేదు."

మెకానిక్ కారులో కూర్చుని తాళం తిప్పాడు. ఇంజన్ ఎగిసింది, తగ్గింది, ఆగిపోబోయి మళ్లీ అందుకుంది, ఆయాసం మనిషి మెట్లెక్కుతున్నట్టు. చెడిపోయిన ఇంజన్ చెడినట్టే పలికినందుకు కోడలు కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

ముసలావిడ మొహం విప్పారింది. వాడొచ్చాడు, ఇద్దరికీ వడ్డించమని కోడలికి పురమాయించింది. మెకానిక్ దిగి ఆవిడ దగ్గరికి వచ్చి, ఏదో చెప్పబోయాడు. ఆవిడ అతని భుజం మీదుగా గేటు వైపు చూస్తోంది.

"ఇక నువ్వు బయల్దేరు నాయనా. పరాయివాళ్లుంటే మావాడు మొహమాటపడి సరిగా తినడు."

కన్నతల్లి మాట కాదనలేక మెకానిక్ గేటు దాటాడు.