వంటామెకు రాసిన చీటీ

మొగుడు నవ్వగా చూసి ఏడాది దాటింది. ఇవాళ నవ్వాడు. అదీ వంటామెతో.

పాత బట్టల షెడ్డులో అతనిది మూటలు కట్టే పని. భార్యది గుండీలు కత్తిరించే పని. షెడ్డులో అందరూ ఆమెను కత్తెరమ్మ అంటారు. చేతిలోదాన్ని చూసి కాదు, నోట్లోదాన్ని చూసి. ఆ రోజు కత్తెర గుండీ మీద కాక వేలి మీద పడింది. ఎవరూ చూడలేదు. చూడాల్సినవాడు వంటింటి గుమ్మంలో ఉన్నాడు.

వంటామెకు మొగుడు లేడు. ముప్ఫై దాటినా మనిషి నిగనిగలాడుతుంది. ప్రతి శనివారం మేస్త్రీ పక్కన వ్యానులో కూర్చుని కూరగాయలకు వెళ్తుంది. షెడ్డు మొత్తానికి బజారు మొహం చూసే ఆడది ఆమె ఒక్కతే. ఆ వైభోగానికే కత్తెరమ్మకు సగం ఒళ్లు మండేది. మిగతా సగం ఇప్పుడు మండింది.

మర్నాటి నుంచి మొగుడు పళ్లెం పట్టుకుని అందరికీ వెనక నిలబడసాగాడు. వడ్డించేది మనవాళ్లైతే కడబంతిలో కూర్చున్నా ఒకటేనన్న ధీమా కాబోలు. వంటామె గరిటె కదిలేది తక్కువ, పెదాలు కదిలేది ఎక్కువ.

“ఏంటంత ముచ్చట్లు?” అనడిగింది కత్తెరమ్మ.

“కూరలో ఉప్పు తక్కువైందని చెప్పా.”

“మూడ్రోజుల్నుంచీ తక్కువేనా?”

“నీ నోట్లో నువ్వుగింజ నానదు. నీకెందుకే, తిను.”

తినలేదు.

శుక్రవారం మధ్యాహ్నం కళ్లారా చూసింది. మూటలకు అంటించే చీటీ వెనక మొగుడు ఏదో రాసి, మడిచి, వంటామె చేతిలో పెట్టాడు. ఆమె జాకెట్లో దోపుకుంది. పెళ్లయి ఎనిమిదేళ్లు. పెళ్లానికి ఒక్క ముక్క రాసిన పాపాన పోలేదు. పెళ్లానికి చదువు రాదనుకోండి, అది వేరే సంగతి.

శనివారం వ్యాను బయల్దేరేలోపు కత్తెరమ్మ మేస్త్రీ గదికి వెళ్లింది.

“అయ్యా, వంటామెను ఇంకో చోటికి పంపేయండి. మా ఆయన దానికి చీటీలు రాస్తున్నాడు.”

మేస్త్రీ కుర్చీ చూపించాడు. ఆ గదిలో ఆమెకు కుర్చీ చూపించడం అదే మొదలు.

“కూర్చోమ్మా. ఎక్కడ దాచింది?”

చెప్పింది.

వంటామెను వ్యానులోంచి దించారు. పనులన్నీ ఆగిపోయాయి. మూటల దగ్గర మొగుడు కొయ్యబారిపోయాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. దొరికిపోయిన దొంగ మొహం ఇలాగే ఉంటుందనుకుంది కత్తెరమ్మ. వంటామె తిట్టలేదు, ఏడవలేదు. చీటీ తీసి ఇచ్చి, కత్తెరమ్మ వైపు ఒక్కసారి చూసి తల దించుకుంది. జాలిపడుతున్నట్టున్న ఆ చూపుకే ఒళ్లు ఇంకా మండింది.

మేస్త్రీ ముందు లోలోపల చదువుకున్నాడు.

“పైకి చదవండయ్యా. నలుగురూ వినాలి” అంది కత్తెరమ్మ.

“వినాల్సిందే” అంటూ మేస్త్రీ గొంతు సవరించుకుని చదివాడు: “పోలీసు అయ్యగారికి దండాలు, ఈ షెడ్డులో ముప్ఫై ఒక్కమందిని రెండేళ్లుగా తాళం వేసి ఉంచారు, అందర్నీ ఒకేసారి విడిపించడం కుదరకపోతే ముందు నా భార్యను బయటికి తీసుకెళ్లండి.”