హీటర్ తీగ

మెకానిక్ ఫ్రీజర్ లోపలి పలక విప్పేసరికి వెనక మంచు గోడలా పేరుకుపోయి ఉంది.

"ఈ మంచును కరిగించే హీటర్ పోయుంటుందమ్మా. అందుకే చల్లగాలి కిందికి రావట్లేదు" అన్నాడు. వేడినీళ్లతో మంచు కరిగించి, మీటరు పెట్టి చూసి, నొసలు ముడిచాడు.

"హీటర్ లక్షణంగా ఉంది. దాని తీగనే ఎవరో బ్లేడుతో కోసేశారు. ఇంట్లో ఎవరైనా విప్పారా?"

"ఉండేది మేమిద్దరమే. మా ఆయనకు బల్బు మార్చడం కూడా రాదు" అని నవ్విందామె.

అతను నవ్వలేదు. కింది అరలోని ఇన్సులిన్ సీసా ముట్టుకుని చూశాడు. "చల్లదనమే లేదు. ఇన్నాళ్లూ ఇలా ఉంటే మందు పాడైపోతుందమ్మా. వాడకండి."

ఆమె నవ్వు ఆగిపోయింది. కొన్నాళ్లుగా ఎన్ని సూదులు పడినా షుగరు దిగడం లేదు. డాక్టరు దగ్గరికి వెళదామంటే, "తిండి తగ్గించు, అదే దిగుతుంది" అంటున్నాడు భర్త. రోజూ సూది వేసేది అతనే.

వీధి తలుపు తెరుచుకుంది. భర్త గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఫ్రిజ్‌కు ఏమైందని అడగలేదు.

"ఆ పలక విప్పమని ఎవరు చెప్పారు?" అన్నాడు మెల్లగా.

ఆమె చెప్పులు వేసుకుంది.

"అన్నా, రిపేరు తర్వాత చేద్దువుగానీ, ముందు నన్ను ఆసుపత్రి దగ్గర దింపు."