ఆరని పచ్చ

“ఆ మూల ఇంకా ఎండుగడ్డి కనిపిస్తోంది. అక్కడ కూడా కొట్టండి,” అంది మా ఆవిడ.

వేసవి మొదట్లోనే బోరు ఎండిపోయింది, దాని వెనకే లాన్ కూడా. ఇల్లు చూడ్డానికి కొనేవాళ్ళు వస్తున్నారని గడ్డికి పచ్చరంగు స్ప్రే చేస్తున్నాను.

“పీనుక్కి పౌడరు రాసినట్టుంది.”

“ఇల్లు అమ్ముడుపోయాక ఏడుద్దురుగాని. ముందు కానివ్వండి.”

అంతలో గేటు చప్పుడైంది. స్ప్రేయరు కుండీ వెనక్కి తోసేశాను.

వచ్చింది భార్యాభర్తలు. ఆయన గోడలు చూస్తుంటే, వచ్చినావిడ తిన్నగా లాన్ దగ్గరికి వెళ్ళి, వంగి గడ్డిని నిమిరింది. అరచెయ్యంతా పచ్చరంగు.

మా ఆవిడ చటుక్కున అందుకుంది. “చీడ పట్టకుండా మందు కొట్టామండీ.”

“ఆరడానికి ఒక పూటైనా పడుతుందమ్మా,” అంది వచ్చినావిడ. “మేం ముందురోజే కొట్టేశాం.”

“మీరా?”

“మా ఇల్లు అమ్మేటప్పుడు. బోరులో చుక్క లేదు, ఇంకేం చేస్తాం?”

“గడ్డిదేముంది, మళ్ళీ వేసుకోవచ్చు. నీళ్ళుంటే చాలనుకుని తిరుగుతున్నాం,” అన్నాడాయన.

“చెయ్యి కడుక్కుంటాను,” అంటూ ఆవిడ గోడవార కుళాయి వైపు నడిచింది. ఆపుదామనుకునేలోపే తిప్పేసింది.

కుళాయి బుస్సుమని గాలి వదిలి ఊరుకుంది.

ఆవిడ దాన్ని మెల్లగా కట్టేసింది. పచ్చటి చెయ్యి అలాగే పట్టుకుని మా ఆవిడ దగ్గరికొచ్చింది.

“తర్వాత వచ్చేవాళ్ళకి ఈ కుళాయి కనబడనివ్వకమ్మా,” అంది గొంతు తగ్గించి. “మేం పూలకుండీ అడ్డం పెట్టాం.”