గోటికి తగిలిన గాటు

"ఇంజిన్ రెక్క అంచు మీద గాటుంది సర్. గోటికి తగిలింది," అంది కో-పైలట్, మెట్లెక్కిన ఆయాసం తీరకుండానే.

కెప్టెన్ తలెత్తలేదు. తెల్లవారుజాము నుంచి వాళ్ళకిది నాలుగో ప్రయాణం. ఆయన కళ్ళ కింద సంచులు, ఆమె చొక్కా మీద చెమట చారలు, మధ్యలో చల్లారిపోయిన రెండు కాఫీ కప్పులు. బయలుదేరేముందు విమానం చుట్టూ నడిచి, కంటితో చూసి, చేత్తో తడిమి రావడం ఆమె పని. ఆ పని ఎలా చేస్తోందో చూసి మార్కులేయడం ఇవాళ ఆయన పని. ఆయన్ని వెనకాల అందరూ చండామార్కులవారనే అంటారు. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

"ఎంతుందేం?"

"బియ్యపు గింజంత."

"బియ్యపు గింజకి విమానం ఆపుతావా? వెనక నూట డెబ్బై మంది బెల్టులు కట్టుకుని కూర్చున్నారు."

"ఇంజినీరుని పిలిచి కొలిచి చూడమందాం సర్."

"పిలిస్తే గంట. గంటాగితే మన డ్యూటీ వేళ దాటిపోతుంది. ఇంకో కెప్టెన్‌ని, ఇంకో కో-పైలట్‌ని వెతకాలి. ఇంతా చేశాక అది ఏ మసి మరకో అని తేలిందనుకో, నీ కాగితంలో నన్నేం రాయమంటావు?"

విమానంలో లోపాలు రాసే పుస్తకం వైపు ఆమె చూసింది. పోయిన నెల ఇదే పరీక్ష తప్పింది. ఈసారి కూడా తప్పితే ఇక విమానం ఎక్కనివ్వరు. మూడున్నరకి లేచిన ఒళ్ళు ఎక్కడికక్కడ లాగేస్తోంది. సంతకం పెట్టేస్తే రెండు గంటల్లో ఇల్లు చేరచ్చు. అమ్మ చంకలోంచి పాపను అందుకుని అలాగే నడుం వాల్చేయచ్చు. ఆ గాటు తనకి తప్ప ఎవరి కంటా పడలేదు కూడా. కానీ గోటికి తగిలిందాన్ని తగల్లేదని ఎలా రాయడం? పాడు మనసు ఒప్పుకోదే.

క్యాబిన్ సిబ్బంది పెద్దావిడ తలుపు సందులోంచి తొంగి చూసింది. "తలుపులు వేసేయమంటారా సర్? ముందు వరుసలో ఒకాయన గడియారం చూపించి నన్ను నంజుకు తింటున్నాడు."

"ఈవిడ గారినడుగు," అన్నాడు కెప్టెన్.

"వద్దక్కా, ఇప్పుడే వేయద్దు," అంది కో-పైలట్. విమానం పుస్తకం లాక్కుని రెండు లైన్లు రాసింది. అక్షరాలు కోడి గెలికినట్టు వచ్చాయి. "ఫెయిల్ చేస్తే చెయ్యండి సర్. మీతో వాదించే ఓపిక నాకు లేదు. ఈ విమానం మాత్రం నేను నడపను."

కెప్టెన్ పుస్తకం అందుకున్నాడు. అందులో ఏముందో కూడా చూడకుండా మూసేశాడు. కళ్ళజోడు తీసి నవ్వాడు. ఆయనకి పళ్ళున్నాయని ఆమె చూడటం అదే మొదలు.

"ఓపిక లేనప్పుడే కదమ్మాయ్ అసలు పరీక్ష. పాసయ్యావు పో."

"సర్?"

"అది గాటూ కాదు, గీటూ కాదు. నల్ల టేపు ముక్క. నువ్వు వాతావరణం కాగితాల కోసం వెళ్ళినప్పుడు నేనే అంటించాను. పన్నెండేళ్ళుగా అంటిస్తున్నాను. సగం మందికి కనపడదు. కనపడ్డవాళ్ళలో సగం మంది నేను నాలుగు కసుర్లు కసిరితే నోరు మూసుకుంటారు."

"కానీ గోటికి గట్టిగా తగిలింది సర్..."

"తగలదూ మరి? రెండు పొరలు వేశాను."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సంతోషమో, ఉక్రోషమో, వట్టి అలసటో ఆమెకే తెలియలేదు. 'నీ టేపు తగలెయ్య' అని లోపల తిట్టుకుని, పైకి "థాంక్యూ సర్" అంది. ఉద్యోగమన్నాక లోపలి మాట ఒకటి, పైమాట ఒకటి. ఫోన్ తీసి ఇంటికి చేసింది.

"గండం గడిచిందమ్మా. వచ్చేస్తున్నా. పాపని పడుకోనివ్వకు."

కెప్టెన్ కిందున్న ఇంజినీరుకి కబురు పెట్టాడు. "మామూలేనయ్యా. నా టేపు పీకి పట్రా." ఆ ముసలి ఇంజినీరుకి ఇంతకంటే చెప్పక్కర్లేదు. ఈ తంతు ఎన్నిసార్లు జరిగిందో ఆయనకే లెక్క లేదు.

"నువ్వు రాసిందాని మీద అడ్డంగా గీత కొట్టి సంతకం పెట్టు. బయల్దేరదాం," అని కెప్టెన్ పుస్తకం ఆమె ముందుకి జరిపాడు. ఆమె కలం తీసింది.

ఇంజినీరు రొప్పుతూ మెట్లెక్కి వచ్చాడు. వేలి కొసన నల్ల టేపు ముక్క అంటుకుని ఉంది.

"మీ సరదాలకేం సార్, ఎన్నయినా చెబుతారు. ఈ నడుంతో వంగి ఎడమ ఇంజిన్‌లో తల దూర్చేది నేను కదా. ఇదిగో మీ టేపు, దాచుకోండి. ఇంక వెళ్ళిరండి."

కో-పైలట్ చేతిలో కలం ఆగిపోయింది.

"ఎడమ ఇంజినా? నేనసలు అటువైపుకి వెళ్ళనేలేదు సర్. కుడి ఇంజిన్‌లో గాటు తగలగానే పైకి పరిగెత్తుకొచ్చేశాను."