ఊదారంగు దీపం

ప్రెస్సులో ఉన్నది ఇరవై ఇద్దరు. ఒకే వారంలో పద్నాలుగు మందికి కడుపు చెడింది.

మెషిన్ పరిగెడితే బటన్ నొక్కి ఆపచ్చు. మనుషులు పరుగు మొదలుపెడితే ఆపడం ఎవరి తరం? పనివాళ్ళకున్న ఒకే ఒక్క మరుగుదొడ్డి ముందు బైండర్లు పొట్టలు పట్టుకుని వరస కట్టారు. "నన్ను ముందు పోనివ్వండిరా, మీకు పుణ్యముంటుంది!" అని ప్రూఫ్ రీడర్ వరసలో అందరికీ దణ్ణాలు పెట్టాడు.

"ఇంకెవరు? వంటావిడే!" యజమాని తీర్పు చెప్పేశాడు. పది రోజుల కిందట అందరికన్నా ముందు తనకే కడుపు కదిలిందట. అదీ ఆవిడ చేతి చలవేనట.

ఆవిడ పదకొండేళ్ళుగా అక్కడే వండుతోంది. ఈ పని పోతే ఆవిడ ఇంట్లో పొయ్యి వెలగదు.

పరీక్షలకి నమూనాలు పట్టుకెళ్ళిన ప్రభుత్వాసుపత్రి నర్సు నాలుగో రోజు మళ్ళీ వచ్చింది. అప్పటికి చాలామంది తేరుకుని పనిలోకొచ్చారు.

"ఈ క్రిమి పేరు షిగెల్లా. గాలికొచ్చేది కాదు. ఒకరి పేగుల్లోంచి బయటపడి, చేతికంటుకుని, ఇంకొకరి నోట్లోకి పోతుంది. మనిషికి తగ్గినా కొన్ని వారాలు లోపలే కాపురముంటుంది," అంది.

"ఎవరి చేతి నించి వచ్చిందో ఎలా తెలుస్తుంది సిస్టర్?" అడిగాడు మెషిన్‌మేన్.

నర్సు సంచిలోంచి చిన్న డబ్బా తీసింది. "ఈ పొడి మామూలు వెలుగులో కనపడదు. ఊదారంగు దీపం వేస్తే మెరుస్తుంది. ఒక్క చోటే రాస్తాను. మధ్యాహ్నం దాకా ఎవరి పని వాళ్ళు చేసుకోండి."

"ఎక్కడ రాస్తారో మాకు తెలీదేంటి!" యజమాని వంటింటి వైపు చూసి కన్ను గీటాడు.

నర్సు ప్రెస్సంతా కలియదిరిగింది. తాళాలు వేసున్న గదులు కూడా తీయించింది. చివరికి వంటింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసి, అయిదు నిమిషాలకి బయటికొచ్చింది. అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

యజమానికి ఆ పూట హుషారు ఆగలేదు. వేలు నాలుక్కద్దుకుంటూ ప్రూఫులన్నీ తిరగేశాడు. గిన్నెల మూతలెత్తి వాసన చూశాడు. ఎదురొచ్చిన వాళ్ళందరినీ తట్టి పలకరించాడు. ప్రెస్సుకి తండ్రిలాంటివాణ్ణని ఆయన నమ్మకం. భోజనాల వేళ ఎప్పటిలాగే పళ్ళేల్లో ఉల్లిపాయ ముక్కలు స్వయంగా వడ్డించాడు.

"తినండ్రా! రేపట్నించి వేరే చేతి వంట!"

"ముద్ద నోట్లో పెట్టకండి!" అని నర్సు కిటికీలు మూయించి దీపం వేసింది.

ప్రెస్సంతా చుక్కలు పొడిచాయి. తలుపు గొళ్ళేలు, మంచినీళ్ళ కొళాయి, ప్రూఫుల కట్టలు, గిన్నెల మూతలు, ఉల్లిపాయ ముక్కలు. మెషిన్‌మేన్ బట్టతల మీద అయిదు వేళ్ళూ అచ్చుపడ్డాయి. "మా ఆవిడతో అనకండ్రా బాబూ!" అని నెత్తి కప్పుకున్నాడు. బైండర్లు ఒకరి వీపు ఒకరికి చూపించుకుని పడీ పడీ నవ్వారు. యజమాని మీసంలో మిణుగురులు దూరాయి.

వంటావిడ ఒక్కతే చేతులు కొంగు చాటున దాచుకుని నిలబడింది.

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది. ఏదీ, చేతులు చూపించు!" అన్నాడు యజమాని.

ఆవిడ రెండు చేతులూ చాపింది. ఒక్క చుక్కా లేదు.

"చూశారా తెలివి! కడిగేసుకుంది!"

"గంటకోసారి సబ్బుతో కడుక్కుంటూనే ఉంటానయ్యా," అందావిడ.

"చేసిందంతా చేసి ఇప్పుడు కడుగుళ్ళా? ప్రెస్సులో ఈవిడ చెయ్యి తగలని చోటు లేదు, కళ్ళారా చూశాం. రేపట్నించి పనిలోకి రాకు!"

నర్సు దీపం ఆర్పింది.

"నేను పొద్దున పొడి రాసింది ఆవిడ చేతులకి కాదు సార్, మీ గదిలో మీరొక్కరే వాడుకునే బాత్‌రూమ్‌లో ఫ్లష్ బటన్‌కి."